రెండో నంబర్ బటన్

పాత కారు కొనేటప్పుడు నేను తుప్పుకి తప్ప దేనికీ భయపడను. మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లే మిషిగన్‌లో ఉంటూ పాత కార్ల పిచ్చి ఉన్నవాడికి అదొక్కటే దెయ్యం. ఈ రోజు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇరవై ఏళ్ల నాటి సెడాన్ ఒకటి చవగ్గా దొరికింది. కింద పడుకుని చూశాను, తుప్పు లేదు. అమ్మే పెద్దాయన ఆరడుగుల పైనే ఉంటాడు, ఒంటరిగా ఉంటున్నాడు.

నడిపేవాళ్ల ఎత్తుకి తగ్గట్టు సీటు ఎక్కడుండాలో గుర్తుపెట్టుకునే సీటు మెమరీ బటన్లు పనిచేస్తున్నాయో లేదో చూశాను. ఒకటి నొక్కితే ఆయన పొడుగుకి తగ్గట్టు సీటు వెనక్కి వెళ్లింది. రెండు నొక్కితే బాగా ముందుకి జరిగి, నా మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి నొక్కుకున్నాయి.

"ఈ రెండోది ఎవరి కోసం సెట్ చేశారు?" అని అడిగాను.

"కొత్తగా కొన్నప్పటి నుంచి నేను తప్ప ఇంకెవరూ నడపలేదు" అని తాళాలు నా చేతిలో పెట్టేసి, గబగబా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు.

సాయంత్రం మా ఇంటి ముందు నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టాను. వాటిని తొక్కించడానికి మా ఆవిడ కారెక్కింది. కాసేపటికి అద్దం దించి నవ్వింది.

"రెండో బటన్ నాకు కరెక్ట్‌గా సరిపోయిందండీ. ఎప్పుడు సెట్ చేశారు?"

వెంటనే దిగిపొమ్మన్నాను.

బ్యాటరీ తీసేస్తే సీటు మెమరీ పోతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. నిమ్మకాయలు ఇంకా టైర్ల కిందే ఉన్నాయి.