అందరూ పచ్చచుక్కలే

ఈ రోజు మధ్యాహ్నం నుంచి నేను మామూలు పంతులును కాదు. ‘డేటాతో బోధన’ ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి సర్టిఫికెట్ అందుకున్నవాణ్ని. శిక్షణ వీడియోలు నడిచినంతసేపూ ఫోను బీరువా మీద ఉంది, నేను వరండాలో టీ తాగుతూ ఉన్నాను. అది వేరే విషయం.

సాయంత్రం మా మూడో తరగతి పాపను తీసుకెళ్లడానికి వాళ్లమ్మ మరియమ్మ వచ్చింది. గిద్దలూరు దగ్గర మిరపకాయల కోత నుంచి నేరుగా బడికే వచ్చినట్టుంది.

“మా పాప ఎట్ల చదువుతాంది సారూ?”

దర్జాగా ఫోన్లో పిల్లల చదువు నమోదుచేసే యాప్ తెరిచి, పాప పేరు పక్కనున్న పచ్చచుక్క చూపించాను. “బ్రహ్మాండంగా చదువుతోందమ్మా, ఇదిగో!”

“పిల్ల ఈడనే ఉంది గదా సారూ. దాన్ని అడక్కుండా ఆ ఫోన్ని అడుగుతారేంది?”

పుస్తకం తెరిచి పాప చేతికిచ్చాను. రెండో మాట దగ్గరే ఆగిపోయి నా మొహంలోకి చూసింది.

ఆ పచ్చచుక్క పెట్టింది నేనే. ఎర్రచుక్క పెడితే కారణం రాయమని ఇంకో ఫారం తెరుచుకుంటుంది. అందుకే మా క్లాసులో అందరూ పచ్చచుక్కలే.

టీచర్ మిత్రులారా, అభినందనలు తర్వాత చెబుదురు గాని, మీ క్లాసులో ఎర్రచుక్క ఒక్కటైనా ఉందా?