చెవికి ఆనించిన స్క్రూడ్రైవర్

ఇవాళ షెడ్డులో కాలిన ఆయిల్ వాసన తగలగానే నాన్న గుర్తొచ్చాడు.

నాన్న శ్రీకాకుళంలో మెకానిక్. ఒకసారి పందేల బైకు ఒకటి వచ్చింది. గాలికే చల్లబడే దాని ఇంజిన్ టకటకమంటుంటే, స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"కామ్‌షాఫ్ట్ అరిగిపోనాది తల్లీ. కొత్తదేస్తే మళ్ళీ పరిగెడతాది."

సాయంత్రానికల్లా మార్చేశాడు. టకటక పోయింది.

మర్నాడు మంచం పట్టిన అమ్మ గుండెకి నేనూ ఆ స్క్రూడ్రైవర్ ఆనించాను. మొన అమ్మకి గుచ్చుకుంటుందని తిప్పి, పిడి అమ్మ వైపు, మొన నా చెవి వైపు పెట్టుకున్నాను.

"ఏటే, ఏటి ఇనిపిస్తన్నాది?" అంది అమ్మ.

"టకటకమంటన్నాదమ్మా. నాన్న కొత్తదేసేస్తాడులే."

అమ్మ నవ్వింది. గుమ్మంలో నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాడు.

అమ్మ ఆ నెల దాటలేదు. ఆ రోజు గుమ్మంలో నాన్న తుడుచుకున్న చేతులకి మరకే లేదని ఇన్నేళ్ళకి తట్టింది.