అమ్మాజీ గారు పెట్టిన ఎండుద్రాక్ష

చైతన్యపురిలోని మా అపార్ట్‌మెంట్‌లో ఏ పసివాడికి కడుపు బిగిసినా, డాక్టరు కంటే ముందు అమ్మాజీ గారి తలుపే తట్టేవాళ్లం. కాకినాడ నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆవిడ యాసా మారలేదు, వైద్యమూ మారలేదు. వాముకు లొంగనిది శొంఠికి, శొంఠికి లొంగనిది నానబెట్టిన ఎండుద్రాక్షకు లొంగాల్సిందే. "మీరిలాగైతే మందుల షాపు వాళ్లు కొట్టు మూసేసుకుంటారండీ" అని ఏడిపిస్తే, "మూసుకోనీండి, వాళ్ల పిల్లలకీ నేనే ఇస్తాను" అనేవారు. మా వాడు కూడా ఆ ద్రాక్ష నీళ్లు తాగి పెరిగినవాడే.

కింద వాచ్‌మన్ గదిలో జానయ్య, అతని భార్య సైదమ్మ ఉంటారు. నల్గొండ పక్క పల్లె వాళ్లు. పిల్లల్లేరు. రాణి అని ఒక కుక్కను పెంచుకున్నారు. సైదమ్మ దాన్ని "బిడ్డా" అనే పిలిచేది. అమ్మాజీ గారికి మొదట్లో కుక్క అంటే మడీ మైలా గోల. ఒకసారి ఆవిడ మెట్ల మీద జారిపడితే, అరిచి అరిచి అందరినీ పోగు చేసింది రాణి. ఆ తర్వాత మడి ఏ గాలికి పోయిందో గానీ, ఆవిడ పెరుగన్నంలో మొదటి ముద్ద దానిదే అయింది.

మొన్న వేసవిలో రాణి మెత్తబడింది. విరేచనం కావడం లేదు. సైదమ్మ పాచిపనికి వెళ్లిన వేళ, అమ్మాజీ గారు గుప్పెడు ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, పెరుగన్నంలో కలిపి తినిపించారు. మర్నాడూ అంతే. పసిపిల్లలకు పనికొచ్చేది కుక్కకు పనికిరాదని ఆవిడకెలా తెలుస్తుంది? మాలో ఎవరికి తెలుసు గనక!

ఆ సాయంత్రం నుంచి వాంతులు. దిష్టి తగిలిందని సైదమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పారేసింది. రాణి నీళ్లు ముట్టలేదు. మూత్రం కూడా ఆగిపోయాక భయపడి, ఆటోలో ఎల్బీనగర్‌లో ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కిడ్నీలు పోయాయన్నాడాయన. ద్రాక్ష గానీ కిస్‌మిస్ గానీ తిన్నదా, కుక్కలకు అవి విషం అవుతాయి అని అడిగాడు. "మా ఇంట్ల గవి యాడియి సారూ" అంది సైదమ్మ. రాణి అక్కడే కన్నుమూసింది. సైదమ్మ దాన్ని తన పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

గేటు దగ్గర మేమంతా మూగాం. డాక్టరు చెప్పింది చెప్పి, సైదమ్మ ఒక్కసారిగా పైకి చెయ్యి చూపింది.

"గా రెండో అంతస్తు ప్రసన్నకుమార్ సారే పెట్టిండు! కుక్కను ఎల్లగొట్టుమని ఎన్నిసార్లన్నడు! గాయన్ని ఇడిశిపెట్ట!"

ఆ మనిషి రాణిని తీసేయమని గొడవ పెట్టిన మాట నిజమే. నేను కూడా నమ్మేశాను. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్మాజీ గారు తన ఇంట్లోనే ఊరుకుని ఉంటే, ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆవిడ చెప్పులైనా లేకుండా, గోడ పట్టుకుంటూ దిగి వచ్చారు.

"ఆయన్ని అనకే సైదమ్మా. నేనే పెట్టానే ద్రాక్ష. మందనుకున్నాను" అంటూ రెండు చేతులూ జోడించారు.

అంత పెద్దావిడ అలా చేతులు జోడిస్తే చూడలేక తల తిప్పుకున్నాను. సైదమ్మ శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టినా తప్పు లేదు. ఆమె ఒళ్లోని చీర మూటను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"నువ్వా పెద్దమ్మా?" అంది. "గందుకే తిన్నది బిడ్డ. నేను బతిలాడి పెడితే గూడ ముద్ద ముట్టకపాయె. నీ చెయ్యి గావట్టి తిన్నది."

అంతదాకా ఎలాగో నిలబడ్డ అమ్మాజీ గారు, ఆ మాటకు గేటు దగ్గర నేల మీద కూలబడిపోయారు.