ఎనిమిది గంటల బొంబాయి

ఉదయపూర్‌లో నర్సుగా పనిచేసే మా అక్కకు కాన్పు దగ్గరపడింది. పుట్టబోయే బిడ్డకు అవ్వే నీళ్ళు పోయాలని అక్క పట్టుబట్టింది. మక్తల్ దగ్గరి మా ఊళ్ళో చాలామంది పిల్లలను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని తొలి నీళ్ళు పోసింది అవ్వే. ఆమెను తీసుకువెళ్ళే బాధ్యత డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్న నాకు అప్పగించారు. మాకు దొరికిన టికెట్లు బొంబాయి మీదుగా వెళ్ళేవి. పొద్దున ఎనిమిదికి అక్కడ దిగితే మళ్ళీ విమానం సాయంత్రం నాలుగింటికి.

ఆ ఎనిమిది గంటలనూ వృథా కానివ్వకూడదని నిశ్చయించుకున్నాను. మూడేళ్ళుగా కాలేజీ డిబేట్ టీములో ఉండటం వల్ల, ఎవరు ఏమి చెప్పినా ఆధారం అడగడం నాకు అలవాటైపోయింది. ప్రయాణానికి వారం ముందు వాకిట్లో కూర్చుని నోట్‌బుక్ తెరిచాను. సామాను నేరుగా ఉదయపూర్ చేరుతుంది కనుక చేతులు ఖాళీ. బయటపడటానికి అరగంట తీసేసి, రెండు గంటల ముందే తిరిగి చేరాలనుకుంటే, మధ్యలో మిగిలేది అయిదున్నర గంటలు. గేట్‌వే, సముద్రం అని రాశాను. ఆ తర్వాత, వెంట వచ్చే మనిషి అభిప్రాయం కూడా తీసుకోవడం న్యాయం అనిపించి అవ్వను అడిగాను.

"నీకేం సూడాలని ఉన్నదవ్వా?"

అవ్వ ఆలోచించలేదు. "మా గుంపు బిల్డింగు."

ఒకప్పుడు పాలమూరు కూలీలు బొంబాయికి గుంపులుగా వెళ్ళేవారు. ఒక మేస్త్రీ, అతని కింద ఇరవై ముప్పై మంది. ఏ గుంపు కట్టిన కట్టడాన్ని ఆ గుంపు తమదిగానే చెప్పుకునేది. నాయిన చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు అవ్వా తాతా అక్కడ నాలుగేళ్ళు పనిచేశారు. అక్కడ వాళ్ళ చివరి కట్టడం ఏడంతస్తులు లేచాక, గోడలకు ప్లాస్టరింగు కాకముందే, గుంపును వేరే ఊరి పనికి పంపేశారు. పూర్తయిన భవనాన్ని వాళ్ళు చూడనే లేదు. ఇప్పుడు తాత కూడా లేడు.

"దాని పేరేంది?"

"పేరు మేం పోయినంక పెట్టిండ్రు బిడ్డా."

"ఏ ఏరియా?"

"రైలు బిర్జి దిగినంక గుట్ట ఉంటది. గుట్ట కింద మంచినీళ్ళ పెద్ద పైపు. గా పైపు ఎంబడి పోతే వస్తది."

"గప్పటి పైపు ఇంకా ఉంటదా?"

"పైపు లేకుంటే గుట్ట ఉంటది గద. గుట్టను ఎవడెత్తుకపోతడే?"

నాయిన నవ్వాడు. "ముసల్దాన్ని కోర్టుల నిలవెట్టినట్టు అడుగుతున్నవేందే!"

"సూసి ఏం జేస్తవవ్వా?" ఇది నా చివరి ప్రశ్న.

"అండ్ల మనుషులుంటున్నరో లేదో సూస్త. బాల్కనీలల్ల బట్టలారేసిండ్రో లేదో సూస్త. గంతే."

నోట్‌బుక్‌లో 'గుంపు బిల్డింగు' అని రాశాను. పక్కనే 'ఆధారాలు చాలవు' అని చేర్చి, ఆ వరుసను కొట్టేశాను. అవ్వకు చదువు రాదు.

"రాసినవా?"

"రాసిన," అన్నాను. ఆ జవాబులో అబద్ధం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

బొంబాయిలో కారెక్కి బయలుదేరిన కాసేపటికి ఒక వంతెన దిగాం. అవ్వ రెండు అరచేతులూ కిటికీ అద్దానికి ఆనించింది. ఎదురుగా ఒక గుట్ట, కొన దాకా ఇళ్ళే.

"గిదే! గిదే గుట్ట! రోకో భాయ్, రోకో!"

అవ్వ నోట హిందీ వినడం నాకు అదే మొదటిసారి. డ్రైవరు వేగం తగ్గించి, పక్క సందులోకి తిప్పమంటారా అని నన్ను అడిగాడు. నేను గడియారం చూసుకున్నాను.

"బొంబాయిల గుట్టలు శానా ఉంటయవ్వా. ఇదే అని ఎట్ల చెప్తవ్? ఎతుక్కుంట కూసుంటే విమానం పోతది."

అభ్యంతరం, కారణం, పర్యవసానం అన్నీ క్రమంగానే ఉన్నాయి. పోటీలో అయితే మార్కులు పడేవి. అవ్వ అద్దం మీది చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సరే బిడ్డా. సదువుకున్నదానివి, నీకెరుక."

నేరుగా పోనివ్వమని డ్రైవరుకు చెప్పాను. సముద్రం దగ్గర ఎర్రటి ఎండలో నేను నిలబడమన్నచోటల్లా అవ్వ నిలబడింది. ఫొటోలన్నిటిలో ఆమె నా వైపే చూస్తోంది, ఒక్కదానిలోనూ సముద్రం వైపు చూడదు.

రెండింటికల్లా విమానాశ్రయానికి తిరిగి చేరాం. మా విమానం మూడు గంటలు ఆలస్యమని బోర్డు మీద కనిపించింది. ఆ గుట్ట అక్కడికి ఎంతో దూరం లేదు. తిరిగి బయటికి వెళ్ళి రావచ్చునని చెప్పడానికి నోరు తెరిచాను. చెబితే పొద్దున నేను అన్నది తప్పని ఒప్పుకోవాలి. నోరు మూసుకున్నాను. ఆ మూడు గంటలూ అద్దాల అవతల ఆగి ఉన్న విమానాలను చూస్తూ గడిపేశాను.

అవ్వ సంచిలోంచి జొన్నరొట్టె మూట విప్పింది. "తిను బిడ్డా. మొగం గట్ల పెట్టకు. ఇమానం రాకుంటే నువ్వేం జేస్తవ్?"

నా దిగులు విమానం గురించేనని ఆమె అనుకుంది. కాదని నేను చెప్పలేదు.

అక్క దగ్గర రెండు నెలలుండి అవ్వ ఊరికి తిరిగొచ్చాక, ఒక మధ్యాహ్నం పక్కింటి పెద్దమ్మ వచ్చింది. ఆమె కూడా అదే గుంపులో ఇటుకలు మోసిన మనిషే. అవ్వ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"బొంబాయి సూసినవంట గదనే?"

"సూడక? నా మనుమరాలు మన గుంపు బిల్డింగు కాడికే తోల్కపోయింది."

పక్కనే చదువుకుంటున్న నేను పుస్తకం మూశాను.

"నిజంగనా! ఉన్నదా ఇంకా?"

"ఉండకేం. పసుపు రంగేసిండ్రు. ఏ బాల్కనీ సూసినా బట్టలే. మా ముసలాయన సెంట్రింగు గొట్టిన ఏడో అంతస్తుల ఒకామె పిల్లగానికి బువ్వ తినవెడుతుండె."

పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. "లిఫ్టు గూడ పెట్టిండ్రా బిడ్డా? మనం నెత్తిన మోసుకుంట ఎక్కినం గద గన్ని మెట్లు."

అవ్వ తల ఎత్తలేదు. చేటలో ఆమె వేళ్ళు మాత్రం ఆగిపోయాయి.

"పెట్టిండ్రు పెద్దమ్మా," అన్నాను.

"ఎందరు వడ్తరు అండ్ల?"

"ఆరుగురు."