బ్రదర్ గారి రక్తం

గుండె జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు ఎలా దిగుతుందో తేల్చడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళ సర్వీసులో ల్యాబ్‌లో కన్నా రైళ్ళలోనే ఎక్కువ కూర్చున్నాననిపిస్తుంది. ఆ ఆదివారమూ అంతే. గుంటూరులో రాత్రి బండెక్కి, పొద్దున్న ఆరింటికి ఐసుపెట్టెతో సికింద్రాబాద్‌లో దిగాను.

చిలకలగూడలో టీచరు ఎలిజబెత్ గారింటికి నడిచే వెళ్ళాను. ఆవిడ భర్త గుండె కండరం మందమెక్కే జబ్బుతో చిన్న వయసులోనే పోయారు. కూతురు షారన్ పరుగుపందేల పిల్ల. భయపడి తల్లి మాన్పించేసింది. షారన్ రక్తం తీసుకున్నాను కానీ అదొక్కటే చాలదు. తండ్రి వైపు ఆ జబ్బున్న మనిషి రక్తం కూడా కావాలి. అప్పుడే లోపం ఎక్కడుందో పట్టుకోగలను.

"మీవారి బ్రదర్స్‌లో ఎవరికైనా గుండె జబ్బుందా?" అని స్టైలుగా అడిగాను.

"బ్రదర్ ఐజాక్ ఉన్నారుగా, సైనిక్‌పురిలో!" అందావిడ, నా ప్లేటులో ఇంకో ఇడ్లీ వేస్తూ.

"ఆంటీ, నేను మళ్ళీ పరిగెత్తొచ్చా?" అంది షారన్. పాపం, ఏం చెప్పను? చూద్దామన్నాను.

తొమ్మిదింటి బస్సులో పక్కసీటావిడ, "గా డబ్బల ఐస్‌క్రీమా?" అంది. ఐసే, క్రీము లేదన్నాను.

ఐజాక్ గారు ప్రార్థన చేసి మరీ రక్తమిచ్చారు. "మీరు, ఎలిజబెత్ గారి భర్త ఒక తల్లి బిడ్డలేగా?" అన్నాను. ఆయన పకపకా నవ్వారు.

"అయ్యో తల్లీ! నేను క్రీస్తులో సోదరుణ్ణి. చర్చిలో కలిసి పాడేవాళ్ళం. నాది బీపీ గుండె! ఎలిజబెత్ భర్తకు సొంత అన్న డానియేలు బన్సీలాల్‌పేట్‌లో ఉన్నాడు. ఆయనకే ఆ జబ్బు. వేరే చర్చిలో చేరాడని ఎలిజబెత్ మాట్లాడదు."

నా తల తిరిగిపోయింది. బ్రదర్ అన్నవాడు అన్న కాదు, అన్న అయినవాణ్ణి బ్రదర్ అనరు!

ఐజాక్ గారి స్కూటర్ మీద వెళ్తే, డానియేలు గారు గుమ్మంలోనే ఆపేశారు. "ఇన్నేండ్లు నా మొఖం సూడలే. ఇప్పుడు నెత్తురు గావాల్నా?"

"షారన్ పరుగు మానేసిందండీ," అన్నాను భయంభయంగా.

"మానేసిందా? మా తమ్ముని బిడ్డ?" కూలబడి చెయ్యి చాపారు. "జెర ఎక్కువనే తీసుకోండ్రి మేడం."

రాత్రి నన్ను బండెక్కించి, "చిలకలగూడకు వోయి బిడ్డను సూసొస్త," అన్నారు. నేను ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయాను. మీరెవరైనా ఇలాంటి పని మీద సికింద్రాబాద్ వెళ్తే, ఏ బ్రదరో అడిగి మరీ బస్సెక్కండి.

ఫలితం తేలాక ఎలిజబెత్ గారింటికి ఫోన్ చేశాను. ఎత్తింది డానియేలు గారు! షారన్‌కు ఆ లోపం రాలేదని చెప్పాను. నా చెవి గింగురుమనేలా అరిచారు:

"ఎలిజబెత్! మన బిడ్డ ఉరకొచ్చంట!"