యాదమ్మ పేరు పక్కన నా వేలిముద్ర

ఈ సంగతి ఇన్నేళ్లుగా నీళ్లు తాగిన వలలా నా మీద బరువుగా ఉంది. ముందే రాద్దామంటే నాకు అక్షరాలు రావు. ఇంకొకరితో రాయిస్తే వాళ్లకు తెలిసిపోతుంది. యాభై దాటాక మహిళా సంఘం వాళ్ల బడిలో నేర్చుకున్నాను. ఇప్పుడు సాకు లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

యాదమ్మ నా తోటికోడలు. శామీర్‌పేట చెరువు చేపలు ఇద్దరం కలిసి అల్వాల్‌లో అమ్మేవాళ్లం. ఒక మంచు పొద్దున, తడక చాటున స్నానం చేస్తూ నా చెయ్యి తీసి తన రొమ్ము మీద పెట్టుకుంది. లోపల చింతగింజంత గట్టిగా ఏదో ఉంది. నొప్పి లేదంది. నవ్వింది. ఆ వేడినీళ్ల ఆవిరిలో నవ్వు ఇప్పటికీ వినిపిస్తుంది, ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా తేలదు.

ఆ వారమే ఊరి నర్సమ్మ పెద్ద పుస్తకంతో వచ్చింది. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషినీ రొమ్ములో గడ్డ ఉందా అని అడిగి రాసుకోవాలని సర్కారు ఆదేశం. ఉందంటే పట్నం పెద్దాసుపత్రికి పంపుతారు. సాయంత్రంలోగా ఊరి లెక్క పైకి పోవాలట. యాదమ్మ ఇంట్లో లేదు. మరునాటి నుంచి చెరువులో వల వేస్తారు. ఆమె ఆసుపత్రి చుట్టూ తిరిగితే అన్ని చేపలు నేనొక్కదాన్నే అమ్మాలి. "దానికేముంటది సిస్టరమ్మా, బండ లెక్క ఉన్నది" అన్నాను. ఆమె పేరు పక్కన నా వేలిముద్ర వేశాను.

యాదమ్మ వచ్చాక చెప్పాను.

"నర్సమ్మ వచ్చిపోయింది. నీకేం లేదని రాసుకున్నది."

"సర్కారు బుక్కులనే రాసిందా?"

"రాసింది."

"ఐతే ఏం లేనట్టే గదక్కా! ఉత్తగనే పరేషానైన. నాకన్న నువ్వే ఎక్కువ బుగులు పడ్డవ్!"

నేనూ నవ్వాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు కదా? లేదని రాసిన ఇంటికి మళ్లీ ఎవరూ రారు. పుస్తకంలో పేరు పక్కన గడి నిండితే సర్కారుకు ఆ ఇంటి పని అయిపోయినట్టే. చాలాకాలం తప్పంతా ఆ గడి మీదికే తోశాను. కానీ ఆ గింజను తాకింది పుస్తకం కాదు, నేను.

రెండేళ్లకు గడ్డ పగిలింది. సర్కారు కార్డు మీద ఆపరేషన్ చేశారు. మందులూ ఉచితమే. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని డాక్టరు అడిగాడు. "బుక్కులనైతే లేదని రాసిన్రు సారూ" అంది యాదమ్మ. నేను పక్కనే ఉన్నాను. ఆమె పోయేదాకా పక్కనే ఉన్నాను. గంజి పట్టాను, తల దువ్వాను. నోరు మాత్రం విప్పలేదు. అది ప్రేమా, భయమా? రెండూ కలిసిపోయి ఏది ఏదో నాకే తెలియడం లేదు.

ఆమె కూతురు లతకు ఈ ఏడు ముప్పై నిండాయి. నిన్న కొత్త నర్సమ్మ వచ్చి, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా గడ్డ వచ్చిందా, ఎప్పుడు వచ్చింది అని అడిగితే, "మా అమ్మకు ఎప్పుడొచ్చిందో ఎవ్వలికీ ఎరుకలేదు" అంది లత. ఆ మాట విని ఇంటికొచ్చి ఇదంతా రాశాను.

ఈ పొద్దున కాగితం పట్టుకుని లత దగ్గరికి వెళ్లాను. చేపలు తోముతోంది.

"చేతులు నీసున్నయ్ పెద్దమ్మా, నువ్వే సదువు. పంతులమ్మవైతివి గదా!" అంది.

గడప మీద కూర్చున్నాను. కూడబలుక్కుంటూ, ఒక్క మాటా వదలకుండా, చివరిదాకా చదివాను.