తుమ్మ దుంగ చక్రాలు

రాఘవమ్మతో గొడవ పెట్టుకుని నెగ్గినవాళ్లు ఆ పల్లెలో లేరు. పాలకాయతిప్పకు కాస్త ఇవతల, ఇసుక దిబ్బల వెనకాల ఉంటుంది ఆ పల్లె. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కుప్పగా పోసి వేలం పాట పెట్టేవారు. ఆడవాళ్లు కుప్ప చుట్టూ గొంతుక్కూర్చుని, ఎవరి తట్ట వాళ్ల ముందు పెట్టుకుని పాడేవారు. రాఘవమ్మ గొంతు లేచిందంటే తక్కిన గొంతులు తగ్గాల్సిందే. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయినా, సావడాల చేపలు ఎండబెట్టి గుడివాడ సంతలో అమ్ముకుని, ఎవరి మీదా పడకుండా బతికిన మనిషి.

ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు ఎండాకాలంలో ఆమెకు దెబ్బ తగిలింది. పడవను దుంగల మీద దొర్లిస్తూ ఒడ్డెక్కిస్తుంటే ఒక తుమ్మ దుంగ పక్కకు జారింది. పడవ ఒరిగి, తాడు పట్టుకుని లాగుతున్న రాఘవమ్మ నడుము మీద పడింది. ప్రాణం దక్కింది గానీ కాళ్లు మళ్లీ కదల్లేదు.

బందరు ఆసుపత్రిలో ఆమెను చూసిన నర్సు పేరు సువార్తమ్మ. ఆవిడా తక్కువ తిన్నది కాదు. రెండు చేతుల్లో రెండు చెక్క దిమ్మలు పెట్టి, ఒంటి బరువంతా వాటి మీద మోపి లేవమనేది. కూర్చున్నచోటే ఉండిపోతే పుండ్లు పడతాయి, మాటిమాటికీ లేవాలి అని పోరేది. మంచం మీంచి పీట మీదికి, పీట మీంచి నేల మీదికి తనంతట తాను దిగితే తప్ప అన్నం పళ్లెం దగ్గరికి జరిపేది కాదు. రాఘవమ్మ నోటికొచ్చినట్టు తిట్టేది. సువార్తమ్మ చెవిన వేసుకునేది కాదు. ఇద్దరికీ భలే కుదిరింది. ఇంటికి వెళ్లేనాడు ఆ దిమ్మలు ఆమెకే ఇచ్చేసింది. ఆసుపత్రివాళ్లు ఒక చక్రాల కుర్చీ కూడా ఇచ్చి పంపారు.

ఇల్లంటే ఇప్పుడు అన్న ధనరాజు ఇల్లే. ధనరాజు పడవలు బాగుచేసే వడ్రంగి. అతనూ, భార్య కనకదుర్గా ఆమెను కళ్లలో పెట్టుకుని చూసుకున్నారు. ఊరంతా అంతే. ఆమె ఏమన్నా సరే తల ఊపేవారు, గొంతు తగ్గించి మాట్లాడేవారు. ఒకప్పుడు నెత్తళ్ల తట్ట కోసం జుట్టు పట్టుకున్నవాళ్లే ఇప్పుడు జావ కాచి తెచ్చేవారు. కాళ్లు పోయినందుకన్నా ఈ మెత్తదనానికే రాఘవమ్మకు ఒళ్లు మండిపోయేది.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉంది. దీపావళి వెళ్లాక పడే మొదటి పెద్ద వేటకు ఎవరి తట్ట వాళ్లే తెచ్చి పెట్టుకోవాలి. అప్పుడే ఆ ఏడాదంతా పాటలో చోటు. మనిషిని ఎవరో మోసుకొచ్చినా, చెయ్యి వేసి తోసినా ఆ మనిషి తట్ట చెల్లదు. ఎన్నడో తాగినవాళ్లనూ మంచాన పడ్డవాళ్లనూ ఎత్తుకొచ్చి దొంగ తట్టలు పెట్టించి తన్నుకున్నారట, అందుకని పెట్టుకున్న కట్టు. పాట పెట్టే నరసింహారావు ఆ మాటే చెప్పించాడు, అదీ ఎంతో నెమ్మదిగా. వదిన పాడుతుంది కదా, నువ్వు నీడన కూర్చో అన్నాడట. ఆ కబురు విన్నాక రాఘవమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. చోటు పోతే ఇక బతుకంతా అన్న ఇంటి అరుగు మీదే.

పెద్ద వేటకు ముందే ఒకసారి చూసుకుందామని ధనరాజు పడవ చెక్కలు పరిచి దిబ్బ మీంచి కుర్చీకి దారి వేశాడు. చెక్కల మీద కుర్చీ బాగానే నడిచింది. చెక్కలు అయిపోయిన చోట చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. అదీగాక కుర్చీ ఎత్తు, చేపల కుప్ప నేల మీద. అక్కడినుంచే తట్ట కింద పెట్టబోయి రాఘవమ్మ తలకిందులుగా పడింది. అందరూ అయ్యో అంటూ వచ్చి లేవనెత్తారు. ఆ అయ్యో ఆమెకు అసలు దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

మర్నాడు ఆమె అరుగు మీద కూర్చుని దిబ్బ వైపే చూస్తూ ఉంది. దిబ్బ మూలన, ఆమెను పడేసిన తుమ్మ దుంగ పడి ఉంది. మనిషి మీదికి పడవను తోసిన దుంగను మళ్లీ పడవ కింద వేయరు. పొయ్యిలోనూ పెట్టరు. దాని జోలికే ఎవరూ వెళ్లరు.

"అన్నా, ఆ దుంగ కోసి చక్రాలు చెయ్యి" అంది రాఘవమ్మ.

ధనరాజు ఉలిక్కిపడ్డాడు. ఊళ్లో కావలసినంత కలప ఉంది, అదెందుకు అని గొణిగాడు.

"అంత పెద్ద పడవ కింద ఇసుకలో దిగబడకుండా దొర్లింది అది. సన్న చక్రం దిగబడుద్ది, దుంగ దిగబడదు. దెబ్బ తిన్నది నేను. నాకు లేని పట్టింపు మీకెందుకు? దాన్నీ నన్నూ కలిపి మూలన పడేశారు. ఇద్దరం పనిలోకి వస్తాం."

ధనరాజు రంపం తీశాడు. దుంగను రెండు ముక్కలుగా కోసి, వాటి నడుమ ఇనుప కడ్డీలు దూర్చి, పైన జానెడెత్తున పలక బిగించాడు. అంచులకు చిన్న గోడ కట్టి, కూర్చునే చోట కొబ్బరి పీచు మెత్త వేశాడు. సువార్తమ్మ ఇచ్చిన దిమ్మలతో నేలను నెట్టుకుంటూ రాఘవమ్మ రోజూ దిబ్బ ఎక్కి దిగింది. అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుంది. ఆ చక్రాలను చూసి కొందరు ముఖం తిప్పుకున్నారు. తిప్పుకోనీ అంది.

పెద్ద వేట రోజు వచ్చింది. పడవలు ఒడ్డెక్కాయి, కుప్ప పోశారు. రాఘవమ్మ తట్ట ఒడిలో పెట్టుకుని బయలుదేరింది. దిబ్బ మీద గాలికి కొత్తగా ఇసుక మేట వేసింది. బండి అక్కడ ఆగిపోయింది. ఆమె నెట్టిన కొద్దీ దిమ్మలే ఇసుకలోకి పోతున్నాయి. ధనరాజు పరుగున వచ్చి పలక మీద చెయ్యి వెయ్యబోయాడు.

"చెయ్యి తియ్యన్నా. వేశావంటే నా ఏడాది పోయినట్టే."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కళ్లలో నీళ్లు మాత్రం ఆపుకోలేకపోయాడు. రాఘవమ్మ ఇసుకలోకి దిగి, కూర్చునే వెనక్కి జరుగుతూ బండిని తనవైపు లాక్కుంది. మేట దాటాక మళ్లీ పలక మీదికి ఎక్కింది. తడి ఇసుక తగిలేసరికి తుమ్మ చక్రాలు వాటంతటవే దొర్లాయి.

కుప్ప దగ్గర ఆడవాళ్లు ఆమె కోసం లేవలేదు, కాస్త సర్దుకున్నారంతే. పలక మీద కూర్చుంటే ఆమె తల వాళ్ల తలలతో సమానంగా ఉంది. తట్ట తీసి తన చేత్తోనే ముందు పెట్టింది. నరసింహారావు తట్టనూ ఆమెనూ చూసి, ఇక పాట మొదలన్నాడు.

రాఘవమ్మ పాడింది. పక్కనుంచి కనకదుర్గ పాట పెంచింది. రాఘవమ్మ ఇంకా పెంచింది. కనకదుర్గ పాడింది ఆటకో జాలికో కాదు, తగ్గడానికి నిజంగానే సిద్ధంగా లేదు. చివరికి సావడాల కుప్ప రాఘవమ్మకే పోయింది.

కనకదుర్గ తట్ట నేలకేసి కొట్టింది. "ఇంట్లో నా చేతి కూడు తిని ఇక్కడికొచ్చి నా పాట మీదే పాడతావా? ఒళ్లంతా నోరే నీకు" అని కేకలు వేసింది.

ఎండాకాలం నుంచీ రాఘవమ్మను తిట్టిన మొదటి మనిషి ఆవిడే. రాఘవమ్మ చేపలు తట్టకెత్తుకుంటూ, కడుపు నిండినంత సంతోషంగా, వదినను తిరిగి తిట్టింది.